తెలిసినవాడి బాకీ

మన పల్లెల్లో ఇద్దరు మనుషులు ఒకే తప్పు చేసినా జనం ఇచ్చే తీర్పు ఒకటిగా ఉండదు. చదువులేనివాడు చేస్తే "పాపం, తెలియక చేశాడు" అని వదిలేస్తారు. చదువుకున్నవాడు చేస్తే "అన్నీ తెలిసినవాడివి, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా?" అని నిలదీస్తారు. ఈ రెండు మాటల వెనుక ఒక నీతిశాస్త్రం ఉన్నది. దాన్ని ఎవరూ గ్రంథంగా రాయలేదు గాని రచ్చకట్ట దగ్గర రోజూ అమలు జరుగుతూనే ఉంటుంది. తెలివి పెరిగినకొద్దీ బాధ్యత పెరుగుతుందనేది దాని సారాంశం. ఇది నిజమా? నిజమైతే ఎంతవరకు నిజం? ఈ పత్రిక చదివేవాళ్లలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఎక్కువ కనుక ఈ ప్రశ్న మనకు పొద్దుపోక చేసే వేదాంత చర్చ కాజాలదు. మన డిగ్రీలకూ, జీతాలకూ, మన కలాలకూ సంబంధించిన లెక్క ఇది.

ముందుగా ఎదుటిపక్షం వాదన విందాం. తెలివి కొంత పుట్టుకతో వచ్చేది, కొంత ఇంటి పరిస్థితుల వల్ల వచ్చేది. ఒకడు ఆరడుగుల ఎత్తు పెరిగినందుకు వాడిమీద ప్రత్యేకమైన ధర్మం ఏదీ మోపము. మరి ఒకడి బుర్ర చురుకుగా పుట్టినందుకు వాడిమీద అదనపు పన్ను వేయడం న్యాయమా? అబద్ధం అందరికీ అబద్ధమే, దొంగతనం అందరికీ దొంగతనమే. నీతి అందరికీ సమానం కాకపోతే అది నీతి ఎట్లా అవుతుంది?

ఈ వాదన తేలికగా తోసివేయదగినది కాదు. కాని లోకంలో ఏ న్యాయవ్యవస్థా దీన్ని పూర్తిగా అంగీకరించలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేళ్లలోపు పిల్లవాడు చేసినది నేరమే కాదన్నది. ఏడు దాటి పన్నెండు నిండని పిల్లవాడి విషయంలో, తాను చేసే పని స్వభావమూ ఫలితమూ గ్రహించే పరిపక్వత వాడికి ఉన్నదా లేదా చూడమన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ సూత్రం అట్లాగే ఉన్నది. అంటే బాధ్యతను వయసుతో మాత్రమే కొలవకుండా గ్రహింపుతో కూడా కొలుస్తున్నారన్న మాట.

ఇంకా వెనక్కి పోతే విచిత్రమైన సాక్ష్యం ఒకటి దొరుకుతుంది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో దొంగతనానికి దోషం లెక్కకట్టిన చోటు ఉన్నది. శూద్రుడికి ఎనిమిది రెట్లు, వైశ్యుడికి పదహారు, క్షత్రియుడికి ముప్పైరెండు, బ్రాహ్మణుడికి అరవైనాలుగు, లేదా నూరు, లేదా నూటఇరవైఎనిమిది రెట్లు. మంచిచెడ్డల గుణం తెలిసి చేసినవాడి దోషం ఎక్కువన్నదే దీనికి చెప్పిన కారణం. చూడటానికి ఎంత గొప్ప సూత్రం! కాని అదే అధ్యాయంలో మరికొంత ముందుకు పోతే, బ్రాహ్మణుడు ఏ పాపం చేసినా చంపరాదనీ, ధనానికి నష్టం లేకుండా దేశం దాటించి ఊరుకోవాలనీ ఉంటుంది. శూద్రుడు ద్విజుణ్ణి దూషిస్తే నాలుక కోయమన్నదీ ఆ అధ్యాయమే. తెలిసినవాడి తప్పు పెద్దదని ఒప్పుకుంటూనే, శిక్షను తెలియనివాడి నెత్తిన పెట్టారు. బాధ్యత శ్లోకంలో మిగిలింది, అధికారం చేతిలో మిగిలింది. ఈ కిటుకును గుర్తుంచుకుందాం. మన కాలంలో కూడా దీని వేషాలు మనకు ఎదురవుతాయి.

ఇంతకీ తెలివి అంటే ఏమిటి? తాండూరు పరిసరాల నాపరాయి గనుల్లో పనిచేసేవాణ్ణి చూడండి. పొరలుపొరలుగా ఉన్న రాయిలో ఏ పొర ఎక్కడ విడివడుతుందో, ఉలి ఎక్కడ పెడితే బండ బద్దలు కాకుండా పలకగా లేస్తుందో వాడికి తెలుసు. బంట్వారం చేలల్లో కలుపు తీసే ఆడమనిషికి కంది మొలక ఏదో, దాని పక్కనే దానిలాగే లేచిన గడ్డి మొలక ఏదో నడుస్తూనే తెలుస్తుంది. ఈ జ్ఞానం ఏ పరీక్షలోనూ మార్కులు తేదు కనుక మనం దీన్ని తెలివి అనము, "అలవాటు" అంటాము. ఇటలీ ఫాసిస్టు జైలులో కూర్చుని గ్రామ్సీ రాసుకున్న విషయం ఇదే. మనుషులందరూ మేధావులే గాని, సమాజంలో మేధావి పని చేసే అవకాశం అందరికీ లేదన్నాడాయన.

కనుక మన ప్రశ్నను కొంచెం సవరించుకోవాలి. బుర్ర చురుకుదనాన్ని ఆధారం చేసుకుని బాధ్యత నిర్ణయించడం కుదరదు. ఎత్తు గురించి చెప్పిన వాదన అక్కడ గెలుస్తుంది. కాని పదిమంది బతుకు ఏ విషయం మీద ఆధారపడి ఉన్నదో ఆ విషయం నాకు మాత్రమే తెలిసి, వాళ్లకు తెలియకపోతే పరిస్థితి మారిపోతుంది. ఆరడుగులవాడి ఎత్తు పక్కవాడి కూడు తీయదు. నాకు తెలిసి వాళ్లకు తెలియనిది వాళ్ల కూడు తీయగలదు. బాధ్యత పుట్టేది ఈ తేడాలోనే. తెలివి ఒక మనిషి గుణం. తెలిసి ఉండటం ఇద్దరు మనుషుల మధ్య సంబంధం. నీతికి పని ఉన్నది సంబంధాలతోనే.

దీనికి మన ప్రాంతంలో ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. ఊరూరా ఒకడు ఉండేవాడు. వాడి పేరు పట్వారీ.

హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ భాష ఉర్దూ. బంట్వారం, వికారాబాదు వైపు రైతు మాట్లాడేది తెలుగు. పడమరగా పోతే కన్నడం కలుస్తుంది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండినవే. ఇటువంటి చోట రైతుకు ప్రాణంతో సమానమైన భూమి, వాడికి రాని భాషలో, వాడు చదవలేని లిపిలో, వాడు చూడలేని దస్త్రంలో ఉండేది. ఆ దస్త్రం పట్వారీ ఇంట్లో ఉండేది. ఆ ఉద్యోగం తండ్రి నుండి కొడుక్కు వచ్చేది. సర్వే నంబరు ఏది, విస్తీర్ణం ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, శిస్తు ఎంత, సాగులో ఉన్నది ఎవరు అనేవి ఊళ్లో అందరి బతుకూ నిర్ణయించే నాలుగు సంగతులు. ఆ నాలుగూ తెలిసినవాడు ఒక్కడు.

ఆ ఒక్కడు చేసిన పని ఏమిటో తెలంగాణా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లకాగితం మీద అమ్మకం రాసి వేలిముద్ర వేయించే సాదాబైనామాలు, రాసినదానికీ చదివి వినిపించినదానికీ మధ్య ఉన్న దూరం, ఎడమచేతి బొటనవేలి కింద పోయిన గుంటలు మన పల్లెల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే హక్కును ఇచ్చింది. కాగితం మీద అది గొప్ప హక్కు. కాని తన పేరు ఆ పట్టికలో ఉన్నదని తెలియక, తెలిపేవాడు లేక భూమి వదిలి లేచిపోయినవాళ్లు ఎందరో. 1954-55 ఖాస్రా పహాణీలో ఏ గడిలో ఎవరి పేరు ఎక్కిందనేది ఈనాటికీ కోర్టుల్లో తగాదాగా నడుస్తూనే ఉన్నది. హక్కును తీసివేయడానికి చట్టాన్ని మార్చనక్కరలేదు, హక్కు ఉన్నదని చెప్పకుండా ఉంటే చాలునని మన చరిత్ర నేర్పింది.

మహారాష్ట్రలో జోతీరావ్ ఫూలే ఇదే సంగతిని చాలా ముందు గమనించాడు. 1883లో ముగించిన 'షేత్కర్యాచా అసూడ్' అనే గ్రంథంలో కులకర్ణీలూ, కచేరీ గుమాస్తాలూ చదువురాని రైతును ఎట్లా పీల్చుతున్నారో ఒక్కొక్కటే విప్పి చూపించాడు. అక్కడి కులకర్ణీకి ఇక్కడి పట్వారీ తోబుట్టువు. రైతు బీదతనానికి వానలు ఎంత కారణమో, ఎవరి చేతిలో అక్షరం ఉన్నదనేది అంతకు తక్కువ కారణం కాదని ఫూలే గ్రహించాడు.

ఇక్కడ మన శిబిరంలోనే ఒక అభ్యంతరం లేస్తుంది. "పట్వారీ ఒక వ్యక్తి కాదు, భూస్వామ్య యంత్రంలో ఒక పళ్లచక్రం. దొర కింద పట్వారీ, దొర పైన నవాబు. వ్యవస్థను వదిలి వ్యక్తి నీతి గురించి మాట్లాడటం బూర్జువా నీతిబోధ కాదా?" అని.

ఈ అభ్యంతరంలో సగం నిజం ఉన్నది. పట్వారీలందరూ సాధుపురుషులైనంత మాత్రాన జాగీరుదారీ పోయేది కాదు. అది పోవడానికి తెలంగాణా రైతాంగం తుపాకి పట్టవలసి వచ్చింది. 1949లో జాగీర్ల రద్దు వచ్చింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులనే తీసివేసింది. ఇవన్నీ వ్యవస్థలో వచ్చిన మార్పులే.

కాని మిగతా సగం చూడండి. పదవి పోయింది, పని పోయిందా? పట్వారీ తరవాత గ్రామ రెవెన్యూ అధికారి వచ్చాడు. 2020లో ఆ ఉద్యోగాన్నీ తీసివేసి, ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి అనే కంప్యూటరు వ్యవస్థను ప్రారంభించారు. దస్త్రం పట్వారీ ఇంటి అటక మీద నుండి దిగి యంత్రంలోకి ఎక్కింది. ఉర్దూ రాని రైతు ఇప్పుడు కంప్యూటరు రాని రైతయ్యాడు. పాసుపుస్తకంలో విస్తీర్ణం తగ్గినవాళ్లు, సర్వే నంబరు కనపడకుండా పోయినవాళ్లు, పొరపాటున నిషేధిత జాబితాకు ఎక్కినవాళ్లు మండల కార్యాలయాల చుట్టూ తిరిగారు. పాత పహాణీలో సాగుచేసేవాడి పేరు రాసే గడి ఒకటి ఉండేది, ధరణిలో ఆ గడి లేదు. అది పాలకుల నిర్ణయమే, ఒప్పుకుంటాను. కాని ఆ గడి లేకపోతే కౌలుదారు కాగితం మీద నుండి మాయమవుతాడని, ఆ నిర్ణయాన్ని అమలు చేసిన చదువరులలో ఒక్కరికీ తెలియదని నేను నమ్మలేను. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. యంత్రం పేరు మారినా, దాన్ని చదవగలిగినవాడూ చదవలేనివాడూ అనే విభజన అట్లాగే ఉన్నది.

వ్యవస్థకు చేతులు లేవు. అది పనిచేసేది తెలిసినవాళ్ల చేతులతోనే. అన్యాయమైన వ్యవస్థ ఏదైనా తన పని నడుపుకోవడానికి మూర్ఖులను నమ్ముకోదు. దానికి లెక్కలు వచ్చినవాళ్లు కావాలి, చట్టం తెలిసినవాళ్లు కావాలి, దరఖాస్తులో లొసుగు పట్టగలిగినవాళ్లు కావాలి. కనుక వ్యవస్థ దోషాన్ని చెప్పినంత మాత్రాన వ్యక్తి బాధ్యత రద్దు కాదు. ఆ యంత్రంలో ఎవరి చెయ్యి ఎంత అవసరమో, వాడి బాధ్యత అంత.

ఇప్పుడు రెండవ ప్రశ్న. తెలివి ఉంటే బాధ్యత తెలుస్తుందా? తెలిసినవాడు మంచి చేయకుండా ఉండలేడని సోక్రటీసు నమ్మాడు. ఇరవయ్యో శతాబ్దపు అనుభవం ఆ పెద్దమనిషి నమ్మకాన్ని బలపరచలేదు.

బంట్వారం రైతు పత్తిచేనుకు వేసే యూరియా సంచి వెనుక ఒక జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడి బుద్ధి ఉన్నది. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చే పద్ధతిని ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టకపోతే ఈనాటి ప్రపంచ జనాభాలో పెద్ద భాగానికి తిండి లేదు. అదే హేబర్ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర శత్రు కందకాల మీదికి క్లోరిన్ వాయువును వదిలించాడు. మొదటిది చేసినది ఎంత తెలివో రెండవది చేసినదీ అంతే తెలివి. ఆయనకు తన పని ఫలితం తెలియదా? ఆయనకంటె బాగా తెలిసినవాడు ఆనాడు లోకంలో లేడు. కాని దేశం కోసం చేశానని చెప్పుకోవడానికి కావలసిన వాదనలు కూడా ఆయన దగ్గర మిగతావాళ్ల కంటె ఎక్కువగానే ఉన్నాయి. ఆ దేశమే 1933లో ఆయనను యూదు పుట్టుక పుట్టినందుకు పదవి వదిలిపోయేటట్లు చేసింది.

తెలివిలో ఉన్న ప్రమాదం ఇదే. అది సత్యాన్ని చూపే దీపం ఎట్లా అవుతుందో, సాకులు తయారుచేసే కార్ఖానా కూడా అట్లాగే అవుతుంది. తెలివితక్కువవాడు తప్పు చేస్తే "చేశాను" అని తల వంచుకుంటాడు. తెలివైనవాడు తప్పు చేస్తే దానికి ఒక సిద్ధాంతం రాస్తాడు.

హేబర్‌కు ఎదురుగా నిలబెట్టదగిన మనిషి జోసెఫ్ రాట్‌బ్లాట్. అమెరికా అణుబాంబు తయారుచేసే లాస్ అలమోస్‌లో పనిచేసిన పోలిష్ భౌతికశాస్త్రజ్ఞుడు. హిట్లర్ చేతికి బాంబు రాకముందే మన దగ్గర ఉండాలన్న భయంతో ఆ పనికి వెళ్లాడు. జర్మనీ బాంబు ప్రయత్నం సాగడంలేదని 1944 చివర తెలిసింది. కారణం పోయింది కనుక పని వదిలేశాడు. తరవాత జీవితమంతా అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా పనిచేశాడు, 1995లో నోబెల్ శాంతి బహుమతి పొందాడు. ఆయనతో పనిచేసినవాళ్లలో ఆయన కంటె మేధావులు ఉన్నారు. వాళ్లకు కూడా అదే సంగతి తెలుసు. వాళ్లు ఉండిపోయారు. తెలివి బాధ్యతను పెంచుతుంది గాని, బాధ్యత తీర్చే గుండెను అది ఇవ్వదు. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లనే చదువుకున్నవాళ్లు తమంతట తామే నీతిమంతులైనట్లు భావించుకుంటున్నారు.

మూడవ ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం. బాధ్యత ఎక్కువైతే అధికారం కూడా ఎక్కువ కావాలా? "నాకు తెలుసు కనుక నేను నడిపిస్తాను, మీరు నా వెనుక నడవండి" అనడానికి తెలిసినవాడికి హక్కు ఉన్నదా? మనుస్మృతి చేసిన కిటుకు ఇక్కడే తిరిగి వస్తుంది. బాధ్యత అనే మాటను అడ్డంపెట్టుకుని పెద్దరికం దొంగదారిన లోపలికి వస్తుంది.

పాలకుర్తి చాకలి ఐలమ్మకు అక్షరం రాదు. కౌలుకు తీసుకుని సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఆమె ఎదురు నిలబడింది, సంఘం అండతో పంటను ఇంటికి చేర్చుకున్నది. అక్షరం వచ్చినవాళ్లు ఆ రోజుల్లో ఎందరో దొర గడీ ముందు చెప్పులు విడిచి నడిచారు. న్యాయమేదో అన్యాయమేదో తేల్చుకోవడానికి ఐలమ్మకు ఏ మేధావీ అవసరం కాలేదు. అయితే ఒక్కటి గమనించాలి. ఆమె పోరాటానికి కోర్టు కాగితం చదివేవాళ్లు, కేసు నడిపేవాళ్లు అవసరమయ్యారు. చదువుకున్న సంఘం కార్యకర్తలు ఆ పని చేశారు. నీతి ఆమెది, అక్షరం వాళ్లది. తెలిసినవాడి స్థానం ఎక్కడో ఈ ఒక్క ఉదాహరణ చెబుతున్నది. తీర్పు చెప్పే పీటమీద వాడికి ప్రత్యేకమైన చోటు లేదు. దస్త్రం విప్పే చోట వాడు తప్పనిసరిగా ఉండాలి.

బోధకుడికి కూడా బోధ జరగాలని 1845లోనే మార్క్స్ రాసుకున్నాడు. అభ్యుదయవాదులమైన మనం ఆ మాటను తరచు ఉదహరిస్తాం, తక్కువగా పాటిస్తాం. జనం తరఫున ఆలోచించడం మొదలుపెట్టినవాడు కొంతకాలానికి జనానికి బదులు ఆలోచించడం మొదలుపెడతాడు. ఆపైన జనం వేరుగా ఆలోచిస్తే వాళ్లకు చైతన్యం లేదంటాడు. కొత్త పట్వారీ తయారవడానికి ఇంతకంటె దగ్గరిదారి లేదు.

1967లో, వియత్నాం యుద్ధం నడుస్తుండగా, నోమ్ చోమ్‌స్కీ మేధావుల బాధ్యత గురించి ఒక వ్యాసం రాశాడు. తీరిక, చదువు, సమాచారం అందే వీలు ఉన్న కొద్దిమందికి ప్రభుత్వాల అబద్ధాలను బయటపెట్టే బాధ్యత మిగతా జనం కంటె ఎక్కువన్నది దాని వాదం. అది సరైన వాదమే. కాని మన ప్రభుత్వపు అబద్ధం కంటె మన పక్షం అబద్ధాన్ని బయటపెట్టడం కష్టం. ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైలు వస్తుంది, చప్పట్లు కూడా వస్తాయి. స్వపక్షాన్ని విమర్శిస్తే స్నేహితులు పోతారు.

తెలుగునేల మీద ఈ రెండు పనులూ చేసినవాడు కె. బాలగోపాల్. గణితంలో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, 1985లో ఆ ఉద్యోగం వదిలి పౌరహక్కుల ఉద్యమానికి పూర్తిగా అంకితమయ్యాడు. ఎన్‌కౌంటర్ల పేరున జరిగే హత్యలను ఊరూరా తిరిగి విచారించి రాశాడు. అదే మనిషి విప్లవపార్టీల హింసను కూడా అదే గీటురాయి మీద గీసి చూడాలన్నాడు. ఆ విభేదం ముదిరి, 1998లో ఎన్నో ఏళ్లు పనిచేసిన సంఘం నుండి విడివడి మానవ హక్కుల వేదిక ఏర్పాటులో భాగస్వామి అయ్యాడు. తరవాత వకీలుగా బీదల భూమి కేసులు వాదించాడు. 2009 అక్టోబరు 8న చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన నిర్ణయాలన్నిటితో ఏకీభవించనక్కరలేదు. గణితజ్ఞుడి బుద్ధిని సాకులు వెతకడానికి వాడకుండా లెక్క సరిచూడటానికి వాడాడు. నేను ఆయనలో గౌరవించేది అది.

ఇంతకీ ఈ బాకీ ఎవరిమీద ఎంత? 1956 మార్చిలో ఆగ్రా సభలో అంబేద్కర్, చదువుకున్న తనవాళ్లు తమ పొట్ట తాము చూసుకుంటున్నారని బాధపడ్డాడు. తనవాళ్లతో ఆ మాట అనే హక్కు ఆయనకు ఉన్నది. ఆ మాటను అరువు తెచ్చుకుని, మాదిగవాడలో మొట్టమొదట డిగ్రీ చదివిన కుర్రవాణ్ణి "నీ జాతికి ఏం చేశావు?" అని అడిగే పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను. పట్వారీ మనుమణ్ణి "మీ తాత దస్త్రంలో పోయిన గుంటలకు నువ్వేం చేశావు?" అని అడిగినవాణ్ణి ఇంతవరకు ఒక్కణ్ణీ చూడలేదు. మూడు తరాలుగా అక్షరం తిన్న ఇంటిమీద బాకీ ఎక్కువ. ఈ తరంలో అక్షరం రుచి చూసిన ఇంటిమీద తక్కువ. లెక్క తలకిందులుగా అడుగుతున్నాం.

ఆ బాకీ పుట్టింది కూడా ఆకాశంలోంచి కాదు. సర్కారు బడి, సర్కారు కాలేజి, విశ్వవిద్యాలయపు హాస్టలు నడిచేది పన్నులతో. అగ్గిపెట్టె కొన్నవాడు, యూరియా సంచి కొన్నవాడు కూడా ఆ పన్ను కడుతున్నాడు. ఫీజు కట్టి ప్రైవేటు కాలేజీలో చదివినవాడు సైతం తిన్న అన్నం పండించినవాడికి బడికి పోయే తీరిక దొరకలేదు కనుకనే తనకు ఆ తీరిక దొరికిందని గ్రహించాలి. ఒకరి తీరిక మరొకరి చాకిరీ. ఇది ఎవరి వ్యక్తిగత నేరమూ కాదు. కాని ఈ సంగతి తెలిసిన తరవాత తెలియనట్లు బతకడం నేరానికి దగ్గరగా వస్తుంది.

అయితే ఈ బాకీ తీర్చడానికి ప్రతివాడూ ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి దూకాలని నేను చెప్పబోవడంలేదు. అసాధ్యమైన ఆదర్శం చెప్పడం సోమరిపోతులకు ఉపకారం చేయడమే. "బాలగోపాల్ అంతవాణ్ణి నేను కాలేను" అనేసి హాయిగా నిద్రపోవచ్చు. బాధ్యతను కొలవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఎదుటివాడికి తెలియనిది నాకేం తెలుసు? నేను మాట్లాడకపోతే వాడికి పోయేదెంత? మాట్లాడితే నాకు పోయేదెంత? వాడికి పోయేది రెండెకరాల చేను అయి, నాకు పోయేది ఒక మధ్యాహ్నం నిద్ర అయినప్పుడు ఊరుకున్నవాడికి ఏ తత్వశాస్త్రమూ అండగా రాదు.

నేను పల్లెబడి ఉపాధ్యాయుణ్ణి. బంట్వారం వంటి ఊళ్లో ఉపాధ్యాయుడి దగ్గరకూ, కాలేజీ విద్యార్థి దగ్గరకూ ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మనుషులు వస్తారు. "సారూ, గిందుల ఏం రాసిన్రో జర సదివి చెప్పుండ్రి" అంటారు. బ్యాంకు నోటీసు, కోర్టు సమన్లు, పాసుపుస్తకం, ఫోనులో వచ్చిన సందేశం, ఏదైనా కావచ్చు. తండ్రి వయసు మనిషి ఇరవైఏళ్ల కుర్రవాణ్ణి 'సారూ' అని పిలుస్తున్నాడంటే, ఆ గౌరవం కుర్రవాడికి కాదు, అక్షరానికి. ఆ కాగితాన్ని మనం మూడు రకాలుగా చదవవచ్చు. "ఏం లేదు పోవయ్యా" అని చదవకుండానే పంపవచ్చు. చదివి, దరఖాస్తు రాసినందుకు డబ్బు తీసుకుని, వచ్చే నెల మళ్లీ రమ్మనవచ్చు. మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చదివి వినిపించి, ఏ గడిలో ఏమున్నదో వేలు పెట్టి చూపించి, గడువు తేదీ చెప్పి, "మీ మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది కదా పెద్దయ్యా, ఈసారి ఆమెనూ తీసుకురండి, చదవడం చూపిస్తాను" అనవచ్చు.

మొదటివాడు బద్ధకస్తుడు. రెండవవాడు పట్వారీ, 1984లో ఆ పదవి రద్దయిన సంగతి వాడికి తెలియలేదు. మూడవవాడు చేసినది చిన్న పనే. కాని నేను ఇంతసేపు వాదించినదంతా ఆ చిన్న పనిలో ఉన్నది. వాడు తెలిసినదాన్ని దాచలేదు, దాన్ని పెద్దరికంగా మార్చుకోలేదు. తన అవసరం ఆ ఇంటికి ఇకముందు లేకుండా చేయడానికి పూనుకున్నాడు.

తెలివికి బాధ్యత ఎక్కువా అని అడిగితే నా సమాధానం ఇది: తెలిసి ఉన్నందుకు బాధ్యత ఎక్కువే, కాని దాన్ని తీర్చే మార్గం తెలిసినవాళ్ల సంఖ్యను పెంచడమే. తన జ్ఞానం ఎప్పటికీ తనకొక్కడికే ఉండాలని కోరుకునేవాడు ఎంత సేవ చేసినా వడ్డీ మాత్రమే కడుతున్నాడు. అసలు అట్లాగే ఉంటుంది. వికారాబాదు, తాండూరు కాలేజీల నుండి ఈ ఏడాది పట్టాలు తీసుకునే విద్యార్థులు తమ ఊరి పహాణీ నకలు ఒకటి తెచ్చి, చావడిలో కూర్చుని, అందరూ వినేటట్లు చదివితే ఈ వ్యాసం కంటె పెద్ద పని చేసినవారవుతారు. అది విన్న తరవాత ఏం చేయాలో తేల్చుకోవడం ఊరి పని. ఆ పని వాళ్లకు చేతకాదనుకోవడానికి మనకు ఏ ఆధారమూ లేదు.